దూరం తెలిసినప్పుడు రింగు, తెలియనప్పుడు మోటారు

(ఆగస్టు 19, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు విజయవాడలో పెళ్లి ఫొటోగ్రాఫర్లు, ఫొటోగ్రఫీ విద్యార్థులు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం, అక్కడక్కడా కుదించింది.)

అందరికీ నమస్కారం. వెనకాల ఏసీ కింద సర్దుకున్న తమ్ముళ్లకు కూడా వినిపిస్తోందా? సరే.

నాకు ఇచ్చిన అంశం, లెన్సు మీది రింగు చేత్తో తిప్పి బొమ్మను స్పష్టంగా తెచ్చే మాన్యువల్ ఫోకస్ మంచిదా, కెమెరా మోటారే ఆ పని చేసే ఆటో ఫోకస్ మంచిదా అని. ఈ మాట ఎత్తగానే రెండు జట్లు తయారవుతాయి. ఫిల్ము కెమెరాల మీద చెయ్యి తిరిగిన పెద్దలు ఒక జట్టు. "ఆటోలో కొట్టేవాడు కూడా ఫొటోగ్రాఫరేనా" అంటారు. నిన్న మొన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త తరం కెమెరా) కొన్న కుర్రాళ్లు రెండో జట్టు. "కన్ను ఎక్కడుందో కెమెరాయే పట్టేస్తుంటే ఇంకా ఆ రింగు ఎందుకండీ" అంటారు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తా, తర్వాత నిద్రొచ్చినా పర్లేదు. (నవ్వులు) దూరం కొలిచే పనిలో ఇవాళ్టి కెమెరా మన కంటికంటే చాలా ముందుంది. కదిలే మనిషి వెంట రింగు తిప్పుకుంటూ పోవడం ఇప్పుడు వృథా శ్రమ. అయితే మనకు దూరం ముందే తెలిసిన సందర్భాలుంటాయి. కెమెరాకు కొలుచుకోవడానికి ఏమీ దొరకని సందర్భాలూ ఉంటాయి. అక్కడ దాన్ని మళ్లీ మళ్లీ కొలవమనడమే పొరపాటు. ఫోకస్‌ని ఒక దూరానికి పెట్టి, అక్కడి నుంచి కదలనివ్వకూడదు. నా మటుకు మాన్యువల్ ఫోకస్‌కి ఈ రోజుల్లో ఉన్న అసలు ఉపయోగం ఇదే: ఒకచోట పెట్టి ఆపేయడం.

ఇది అర్థం కావాలంటే కెమెరా దూరాన్ని ఎలా పట్టుకుంటుందో కొంచెం తెలియాలి. పద్ధతులు ముఖ్యంగా రెండు.

ఒకటి కాంట్రాస్ట్ పద్ధతి. బొమ్మ ఫోకస్‌లోకి వచ్చేకొద్దీ అంచులు తేరుకుంటాయి, వెలుగుకీ నీడకీ తేడా పెరుగుతుంది. కెమెరా లెన్సును కొంచెం కొంచెం జరుపుతూ ఆ తేడా ఎక్కడ బాగా ఎక్కువైందో వెతుకుతుంది. పాత రేడియోలో స్టేషన్ పట్టడం గుర్తుందా? ముల్లు స్టేషన్ దాటి అవతలికి వెళ్తే గానీ, స్పష్టంగా వినిపించిన చోటు ఏదో తెలిసేది కాదు. మళ్లీ వెనక్కి తిప్పేవాళ్లం. ఇదీ అంతే. శిఖరం దాటాకే అది శిఖరమని తెలుస్తుంది. అందుకే లెన్సు అటూ ఇటూ ఊగుతుంది. మనం హంటింగ్ అంటామే, అది. ఈ పద్ధతి కచ్చితంగానే ఉంటుంది గానీ నిదానం.

రెండోది ఫేజ్ పద్ధతి. లెన్సు ఎడమ సగంలోంచి వచ్చిన వెలుగునీ, కుడి సగంలోంచి వచ్చిన వెలుగునీ విడివిడిగా చూస్తుంది. ఫోకస్ సరిగ్గా ఉంటే ఆ రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. తప్పితే ఒకదానికొకటి పక్కకు జరుగుతాయి. ఎటు జరిగాయో చూస్తే లెన్సును ముందుకు తేవాలా వెనక్కి తేవాలా తెలుస్తుంది. ఎంత జరిగాయో చూస్తే ఎంత తేవాలో తెలుస్తుంది. వెతుకులాట ఉండదు, ఒకేసారి లెక్క కట్టి లెన్సును అక్కడికి పంపుతుంది. పక్షుల్ని, ఆటగాళ్లని వెంటాడగలుగుతోందంటే ఈ పద్ధతి వల్లే.

లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరా, అంటే డీఎస్ఎల్ఆర్‌లో ఈ ఫేజ్ సెన్సర్ ఎక్కడుంటుంది? అద్దం కింద, కెమెరా అడుగున. పెద్ద అద్దంలోంచి కొంత వెలుగు దూరి, దాని వెనకున్న చిన్న అద్దానికి తగిలి కిందికి పోతుంది. ఫొటో పడేది ఒకచోట, కొలిచేది ఇంకోచోట. ఈ రెండు దారుల పొడవూ వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా ఉండాలి. తేడా వచ్చిందా, కంటి మీద పెట్టిన ఫోకస్ చెవి మీద పడుతుంది. ఫ్రంట్ ఫోకస్, బ్యాక్ ఫోకస్ అని మనం తలలు పట్టుకున్నది దీని గురించే.

ఇక్కడ మన హైదరాబాద్ పెద్దాయన ఒకర్ని తలచుకోవాలి, రాజా దీన్ దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. 1844లో పుట్టి 1905లో పోయారు. ఆ కాలపు పెద్ద కెమెరాలకు వెనక గరుకు గాజుపలక ఉండేది. నల్లగుడ్డ నెత్తిన కప్పుకుని, ఆ పలక మీద తలకిందులుగా పడే బొమ్మను చూస్తూ ఫోకస్ పెట్టేవాళ్లు. తర్వాత గాజుపలక ఉన్న చోటే నెగెటివ్ ప్లేటు వచ్చేది. అంటే ఫొటో ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే ఫోకస్ చూసుకునేవాళ్లు. మధ్యలో అద్దం ఉన్న ఎస్ఎల్ఆర్‌ల కాలమంతా వేరేచోట కొలిచి, అది ఇక్కడికీ సరిపోతుందని నమ్మాం. మిర్రర్‌లెస్ వచ్చాక కొలత మళ్లీ ఫొటో పడే చోటికే చేరింది. నల్లగుడ్డ ఒక్కటే తగ్గింది. (నవ్వులు)

చరిత్ర ఎక్కువ చెప్పను. మామూలు జనం కొనగలిగిన మొదటి ఆటో ఫోకస్ కెమెరా కోనికా సీ35 ఏఎఫ్, 1977లో వచ్చింది. లెన్సులు మార్చుకునే ఎస్ఎల్ఆర్‌లో దీన్ని జనం వాడేలా చేసింది మినోల్టా 7000, 1985లో. ఆ టెక్నాలజీ మీద హనీవెల్ కంపెనీ అమెరికాలో కేసు వేసింది. 1992లో మినోల్టా 12 కోట్ల 75 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. కెనాన్ అయితే 1987లో ఈఓఎస్ అనే కొత్త వరస కోసం, లెన్సు తగిలించే తన పాత ఎఫ్‌డీ మౌంటునే వదిలేసింది. లెన్సుల మీద లెన్సులు కొని పెట్టుకున్న వాళ్లు ఎంత మండిపడి ఉంటారో ఊహించుకోండి. డిజిటల్లోకి వచ్చాక 2013లో కెనాన్ 70డీ డ్యూయల్ పిక్సెల్‌ని తెచ్చింది. ఫొటో తీసే పిక్సెల్‌నే రెండుగా చీల్చి, దానితోనే ఫేజ్ కొలవడం మొదలైంది. వీడియో తీసేవాళ్ల బతుకు బాగుపడింది అక్కడే.

ఇప్పుడు ఒక లెక్క. ఫుల్ ఫ్రేమ్ (ఫిల్ము సైజు సెన్సర్) కెమెరా, 85 ఎంఎం లెన్సు, అపెర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 1.4; ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. పెళ్లికూతురు మీకు ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉంది. షార్ప్‌గా వచ్చే మందం, మనం లోతు అంటామే అది, ముందూ వెనకా కలిపి, దాదాపు 2.5 సెంటీమీటర్లు. ఎంత కదలకుండా నిలబడ్డాననుకున్న మనిషైనా ఊపిరి తీసినప్పుడల్లా కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటాడు. కెమెరా పట్టుకున్న మీరు కూడా ఊగుతారు. ఈ 2.5 సెంటీమీటర్లలో కన్ను నిలవాలంటే చేత్తో రింగు తిప్పి గెలవలేం. ఒకసారి లాక్ అయ్యే సింగిల్ మోడ్‌లో కూడా కష్టమే. లాక్ అయ్యాక, మీరు ఫ్రేము సర్దుకునే లోపు దూరం మారిపోతుంది. ఇక్కడ ఆగకుండా వెంటాడే కంటిన్యువస్ మోడ్ పెట్టండి, కంటిని వెతికి పట్టే ఐ ఏఎఫ్ (ఏఎఫ్ అంటే ఆటో ఫోకస్) ఆన్ చేయండి, మీ పని ఆ అమ్మాయిని నవ్వించడం. పెద్దలు నన్ను క్షమించాలి, ఎఫ్ 1.4లో నిలబడ్డ మనిషిని చేత్తో ఫోకస్ చేయడం లాటరీ టికెట్టు కొనడమే.

పైగా డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) మనల్ని మోసం చేస్తుంది. ఫిల్ము కెమెరాల స్క్రీన్ మధ్యలో స్ప్లిట్ ప్రిజం ఉండేది, గీత విరిగిందా కలిసిందా అని చూసి పెట్టేవాళ్లం. ఆటో ఫోకస్ కెమెరాల్లో దాన్ని తీసేసి, వెలుతురు ఎక్కువ ఇచ్చే స్క్రీన్ పెట్టారు. అది లెన్సు ఎఫ్ 1.4 అయినా మనకు ఇంచుమించు ఎఫ్ 2.8 లోతునే చూపిస్తుంది. వ్యూఫైండర్‌లో బ్రహ్మాండంగా షార్ప్‌గా కనిపించింది కంప్యూటర్లో చూస్తే మెత్తగా ఉంటుంది. కాబట్టి డీఎస్ఎల్ఆర్ మీద మాన్యువల్ చేయాలనుకుంటే లైవ్ వ్యూలోకి, అంటే వెనక తెర మీదికి వెళ్లి, పెద్దది చేసి చూడండి.

మరి రింగు ఎక్కడ? పెళ్లిలోకే వెళ్దాం, ఇక్కడ సగం మంది అన్నం తినేది అక్కడే కదా.

తలంబ్రాలు. వధూవరులు కూర్చునే ఉన్నారు. మీరు ఎక్కడ నిలబడ్డారో మీకు తెలుసు. దూరం మారదు. కానీ మధ్యలో పసుపు బియ్యం ఎగురుతోంది, వెనక చెమ్కీలు, పక్కన స్నేహితుల స్ప్రేలు. ఆటో ఫోకస్‌ని అలాగే వదిలేస్తే, సరిగ్గా ఆ అమ్మాయి దోసిలి ఎత్తిన క్షణంలో అది గాల్లో ఉన్న గింజల్ని పట్టుకుంటుంది. మొహాలు మసక, బియ్యం షార్ప్. ఇలాంటి ఫొటోలు ప్రతి ఆల్బమ్‌లోనూ నాలుగైదు చూస్తాను. దీనికి మందు సులువు. తలంబ్రాలు మొదలవ్వకముందే ఆ అమ్మాయి కంటికి ఫోకస్ పెట్టండి. పెట్టి, ఆపేయండి. 50 ఎంఎం లెన్సు, రెండున్నర మీటర్లు, ఎఫ్ 4 అనుకుంటే మీకు దాదాపు 60 సెంటీమీటర్ల లోతు దొరుకుతుంది. ముందుకు వంగినా వెనక్కి తప్పుకున్నా మొహం అందులోనే ఉంటుంది. అక్కడి నుంచి నొక్కుకుంటూ పొండి.

ఆపడం ఎలా? లెన్సు మీద ఏఎఫ్, ఎంఎఫ్ స్విచ్చు ఉంటే ఎంఎఫ్‌లోకి తోసేయొచ్చు. అంతకంటే నాకు నచ్చేది బ్యాక్ బటన్. మెనూలో షట్టర్ బటన్ నుంచి ఫోకస్ పని తీసేసి, వెనకున్న ఏఎఫ్ ఆన్ బటన్‌కి ఇవ్వండి. బొటనవేలు నొక్కి ఉంచినంతసేపూ కెమెరా వెంటాడుతుంది. వేలు తీస్తే ఫోకస్ అక్కడే ఆగిపోతుంది. షట్టర్ ఎన్నిసార్లు నొక్కినా కదలదు. మాన్యువల్ కావాలా ఆటో కావాలా అని మెనూలు తిప్పక్కర్లేదు. అలవాటు పడేదాకా చిరాకుగా ఉంటుంది. మొదటిసారి ఇంట్లో పిల్లల మీద చేయండి, ముహూర్తంలో వద్దు. అసిస్టెంటు చేతికి కెమెరా ఇచ్చేటప్పుడు మాత్రం ఈ సంగతి చెప్పి ఇవ్వండి. చెప్పకపోతే వాడికి కెమెరా పాడైందనిపిస్తుంది. (నవ్వులు)

వెంటాడటం కూడా కావాలి, మధ్యలో అడ్డొచ్చే వాటికి లొంగకూడదు అంటే ఇంకో దారి ఉంది. ప్రతి కంపెనీ మెనూలో ట్రాకింగ్ ఎంత పట్టుదలగా ఉండాలో చెప్పే సెట్టింగు ఉంటుంది. కెనాన్‌లో ట్రాకింగ్ సెన్సిటివిటీ, మైనస్ 2 వైపు పెడితే గట్టిగా పట్టుకుంటుంది. సోనీలో 1 నుంచి 5 వరకు, 1 అంటే లాక్డ్ ఆన్. నికాన్‌లో తిరగేసి, 5 అంటే ఆలస్యంగా స్పందిస్తుంది. ఫ్రేములో ఎవరో చెయ్యి అడ్డం పెడితే వెంటనే దాని మీదికి దూకకుండా కాసేపు ఆగుతుంది. పెళ్లిళ్లలో కెమెరాకు అడ్డం రావడమే చుట్టాల హక్కు కాబట్టి ఈ సెట్టింగు మీద అరగంట ఖర్చు పెట్టండి.

జీలకర్ర బెల్లం దగ్గర వేరే చిక్కు. ఇద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరివి, మధ్యలో అడ్డుతెర, తలలు వంచి ఉంటాయి, బాసికాలు. కళ్లు కెమెరాకు కనిపించవు. కనిపించనప్పుడు అది ఊరుకోదు, వెనకాల నిలబడ్డ మేనమామ మొహం వెతికి పట్టుకుంటుంది. అక్కడ ఐ ఏఎఫ్ తీసేసి, ఒకే చుక్క దగ్గర కొలిచే సింగిల్ పాయింటు చేతుల మీద పెట్టి, పట్టుకోగానే వేలు తీసేయండి. ఇది ఒక్క క్షణం. పంతులుగారు మనకు రీటేక్ ఇవ్వరు. కొందరు ఈమధ్య ఇస్తున్నారు, అది వేరే కథ. (నవ్వులు) స్టేజి వెనక ఎల్ఈడీ తెర ఉంటే కూడా ఇదే జాగ్రత్త. ఆ మెరుపు చుక్కల్లో కాంట్రాస్ట్ ఎక్కువ, ఫ్రేములో పెద్ద భాగమంతా చూసే ఏరియా మోడ్‌లో ఉన్న ఫోకస్ దాని మీదికే పోతుంది.

రాత్రి ఊరేగింపు ఇంకా తేలిక. బ్యాండు, డాన్సులు, చీకటి, కదలని మనిషి ఒక్కడూ ఉండడు. 35 ఎంఎం, ఎఫ్ 8, ఫ్లాష్. రింగు 3 మీటర్లకు పెట్టండి. సుమారు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అంతా షార్ప్ పరిధిలో ఉంటుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టకుండా కెమెరా తలమీదికెత్తి కొట్టినా పడుతుంది. వీధి ఫొటోగ్రాఫర్లు ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే. లైకా తన ఎం సిరీస్ డిజిటల్లోకి 2006లో తెచ్చినప్పుడు కూడా అందులో ఆటో ఫోకస్ పెట్టలేదు. దాన్ని కొన్నవాళ్లు రింగు మీది అంకెలు చూసి దూరం పెట్టుకుంటారు. ఒక హెచ్చరిక: ఈ లెక్కలన్నీ మామూలు సైజు ప్రింటు కోసం పుట్టినవి. మనం 12 బై 36 ఆల్బమ్ షీటు మొత్తానికి ఒకే ఫొటో పరుస్తాం. అలాంటి ఫొటో అనుకుంటే అపెర్చర్‌ని ఒక స్టాప్, అంటే ఒక మెట్టు, ఎక్కువ బిగించండి.

ఇప్పుడు బొత్తిగా రింగు పనికిరాని చోటు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతు గూటికి తిరిగొస్తోంది. 500 ఎంఎం, ఎఫ్ 5.6, పక్షి 30 మీటర్ల దూరంలో ఉంది. లోతు మీటరుకు కాస్త ఎక్కువ. అది సెకనుకు పది మీటర్ల వేగంతో మీ వైపు వస్తోందనుకోండి. మీరు పెట్టిన ఫోకస్‌లో అది ఉండేది సెకనులో ఎనిమిదో వంతు. మన కన్ను చూసి, మెదడు చెప్పి, వేలు తిప్పే లోపు దాటిపోతుంది. కెమెరా ఇక్కడ చేసే పని గొప్పది. పక్షి ఇప్పుడెక్కడుందో చూసి ఊరుకోదు. షట్టర్ తెరుచుకునే సరికి ఎక్కడుంటుందో లెక్క కట్టి, లెన్సును అక్కడికి పంపుతుంది. ఇది మన చేతికి అయ్యే పని కాదు. చేతులెత్తి దండం పెట్టాలి.

అక్కడ కూడా రింగుకు చిన్న ఉద్యోగం ఉంది. లెన్సు ఫోకస్ దగ్గరి దూరంలో చిక్కుకుపోయి ఉందనుకోండి. ఆకాశంలో పక్షి అసలు కనిపించనంత మసకగా ఉంటుంది. కెమెరాకు కొలవడానికి అంచే దొరకదు. మీరు బటన్ నొక్కుతూ తిట్టుకుంటూ ఉంటారు. ఒక్కసారి రింగు తిప్పి దూరం వైపు తెచ్చి వదలండి, మిగతాది అదే చూసుకుంటుంది. లెన్సు మీద ఫోకస్ లిమిటర్ స్విచ్చు ఉంటే దూరానికి పెట్టండి, దగ్గర వెతకడం మానేస్తుంది. కొమ్మల మధ్య కూర్చున్న పక్షికైతే చిన్న పాయింటు, దాని మీదే.

కెమెరా ఎందుకు తప్పుతుందో తెలిస్తే దాని మీద కోపం తగ్గుతుంది. లంబసింగి పొగమంచులో కాంట్రాస్టే ఉండదు, కొలవడానికి ఏం దొరుకుతుంది? తెల్లగోడ, హోమం పొగ, అన్నీ ఒకటే జబ్బు. ఇంకోటి చాలామందికి తెలియదు. ఎక్కువ మిర్రర్‌లెస్‌లు ఎడమ, కుడి సగాల వెలుగునే పోల్చి చూస్తాయి. అడ్డంగా ఉన్న గీతలు పక్కకు జరిగినా అలాగే కనిపిస్తాయి కదా, కాబట్టి వాటి మీద తేడా తెలియదు. దుర్గా ఘాట్ మెట్లకు ఎదురుగా నిలబడి మెట్ల మీదే ఫోకస్ పెట్టి చూడండి, కొన్ని కెమెరాలు తడబడతాయి. కెమెరాను నిలువుగా తిప్పి ఫోకస్ పట్టి, వేలు తీసేసి, మళ్లీ అడ్డంగా తిప్పి ఫొటో తీయండి. 2022లో ఓఎం-1, 2024లో కెనాన్ ఆర్1 రెండు దిక్కులా కొలిచే సెన్సర్లు తెచ్చాయి. మన చేతుల్లో ఉన్నవి మాత్రం చాలావరకు పాత రకమే.

నక్షత్రాలు. గండికోటలో గుడారం వేసుకుని పాలపుంత తీయడం ఇప్పుడు పెద్ద సరదా. అందరూ చేసే పని, రింగును ఇన్ఫినిటీ గుర్తు దగ్గరికి తిప్పి వదిలేయడం. చాలా లెన్సులు ఇన్ఫినిటీ దాటి ఇంకొంచెం తిరుగుతాయి. వేడికీ చలికీ కొలతలు మారతాయి కాబట్టి, ఆటో ఫోకస్ మోటారుకు చోటు కావాలి కాబట్టి అలా చేస్తారు. పూర్తిగా తిప్పేస్తే చుక్కలు బటాణీ గింజంత అవుతాయి. బాగా మెరిసే నక్షత్రాన్ని లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి, అది అన్నిటికంటే చిన్న చుక్కగా మారేదాకా రింగు నెమ్మదిగా తిప్పండి. దొరికాక టేపు వేసేయండి. ఒలింపస్ 2020లో ఈ-ఎం1 మార్క్ 3లో నక్షత్రాల కోసమే ఆటో ఫోకస్ ఇచ్చింది. మిగతా వాళ్లలో చాలామందికి టేపే గతి.

టేపు వేసినా ఒక మెలిక ఉంది. మిర్రర్‌లెస్ లెన్సుల్లో ఎక్కువ వాటికి రింగుకీ గాజుకీ నేరుగా సంబంధం లేదు. రింగు తిప్పితే ఒక సిగ్నల్ వెళ్తుంది, మోటారు గాజును జరుపుతుంది. మనం మాన్యువల్ అనుకుంటున్నది కూడా మోటారు పనే! వేగంగా తిప్పితే ఎక్కువ, నెమ్మదిగా తిప్పితే తక్కువ జరిగేలా పెట్టినవీ ఉన్నాయి. రింగు ఎక్కడికక్కడ ఆగదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. కొన్నిటిలో కెమెరా ఆపి మళ్లీ ఆన్ చేస్తే పెట్టిన ఫోకస్ పోతుంది. నక్షత్రాల మీద పెట్టాక బ్యాటరీ ఆదా అని ఆపేశారో, మళ్లీ మొదటికే. మీ కెమెరా మెనూలో లీనియర్ అని, అంటే ఎంత తిప్పితే అంతే జరిగేలా చేసే సెట్టింగు, ఉందేమో చూడండి. పానసోనిక్ ఎస్ సిరీస్‌లో అయితే ఎన్ని డిగ్రీలు తిప్పాలో కూడా మనమే నిర్ణయించుకోవచ్చు.

సినిమా వాళ్లకు ఈ కరెంటు రింగులంటే గిట్టకపోవడానికి కారణం ఇదే. షూటింగులో ఫోకస్ ఒక్కటే చూసుకునే ఫోకస్ పుల్లర్ పని చూశారా? షాటుకు ముందే టేపు పట్టి నటుడి దాకా కొలుస్తాడు, నేల మీద గుర్తు పెడతాడు, రింగు మీద గుర్తు పెడతాడు. నటుడు నడిచొచ్చి ఆ గుర్తు మీద ఆగే క్షణానికి రింగు ఈ గుర్తు మీదికి రావాలి. ప్రతి టేకులోనూ అదే చోటికి రావాలి. సినీ లెన్సుకు పొడవైన తిప్పుడు, రెండు చివర్లా గట్టిగా ఆగే చోట్లు అందుకే. దానికి తోడు కథకు ఏ క్షణంలో ఎవరి మొహం మీదికి వెళ్లాలో మోటారుకు తెలియదు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వినేవాడి మీద ఫోకస్ ఉండాలని డైరెక్టరు అనుకోవచ్చు, ఆటో ఫోకస్ మాత్రం దగ్గరగా ఉన్న మొహం చూసుకుంటుంది. గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పరికరం) మీద ఒక్కరే వెళ్లే ఈవెంట్ వీడియోకైతే మొహమాటం లేకుండా ఆటో పెట్టండి.

నగల కేటలాగ్ చేసేవాళ్లకు ఒక్క మాట. ఒకటికి ఒకటి సైజులో, అంటే వస్తువు ఎంతుందో సెన్సర్ మీదా అంతే పడేలా, ఎఫ్ 8లో, మీకు దొరికే లోతు సుమారు ఒక మిల్లీమీటరు. అక్కడ ఏ ఫోకస్సూ పెట్టకండి. రింగు కదపకుండా, ఫోకస్ రైలు అనే జారే పట్టా మీద కెమెరానే ముందుకీ వెనక్కీ జరపండి. అలా వరసగా తీసి సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోండి.

పీకింగ్, అంటే ఫోకస్‌లో ఉన్న అంచులకు తెర మీద రంగు వేసి చూపే సదుపాయం, దాని గురించి అడుగుతారని తెలుసు, ముందే చెప్తా. అంచుల మీద ఎర్ర గీతలు రాగానే ఫోకస్ కుదిరిందని నమ్మకండి. అది కాంట్రాస్ట్ ఉన్న చోటును చూపిస్తుంది. ఎఫ్ 1.4లో ఆ ఎర్రదనం అసలు లోతుకంటే వెడల్పుగా పరుచుకుంటుంది. దగ్గరికి చేరడానికి పీకింగ్ వాడండి, ఖాయం చేసుకోవడానికి పెద్దది చేసి చూడండి.

ఇక ప్రశ్నలు.

ప్రశ్న: అన్నా, నాది పాత డీఎస్ఎల్ఆర్. 50 ఎంఎం 1.8తో తీస్తే ఎప్పుడూ చెవులే షార్ప్‌గా వస్తున్నాయి.

ఎప్పుడూ వెనక్కే పడుతోందా? అయితే చెయ్యి దోషం కాకపోవచ్చు. కెమెరా స్టాండు మీద పెట్టి, ఒకే వస్తువును వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూతో ఒకసారి తియ్యి. లైవ్ వ్యూది షార్ప్‌గా వచ్చి వ్యూఫైండర్‌ది రాకపోతే, ఇందాక చెప్పిన ఆ రెండు దారుల పొడవు తేడా. మెనూలో మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉంటే అక్కడ సరిచేసుకోవచ్చు. చిన్న మోడళ్లలో సాధారణంగా ఉండదు, కెమెరా, లెన్సు రెండూ కలిపి సర్వీస్‌కి ఇవ్వాలి. రెండు ఫొటోలూ మెత్తగా ఉంటే లెన్సే అంత.

ప్రశ్న: సార్, ఫోన్లో ఇంత గొడవ లేదు కదా?

లేదమ్మా. ఫోన్ సెన్సర్ చిన్నది, లెన్సు ఫోకల్ లెంగ్త్ కొన్ని మిల్లీమీటర్లే, కాబట్టి లోతు చాలా ఎక్కువ. ఎక్కడ పెట్టినా అన్నీ ఇంచుమించు షార్పే. వెనకాల మసక కావాలంటే పోర్ట్రెయిట్ మోడ్‌లో సాఫ్ట్‌వేర్ కల్పించి ఇస్తుంది. జడ అంచులు ఎలా కత్తిరించిందో పెద్దది చేసి చూడు, నీకే తెలుస్తుంది.

ప్రశ్న: నాన్నగారి పాత నికాన్ మాన్యువల్ లెన్సులు ఉన్నాయండీ. సోనీ మిర్రర్‌లెస్‌కి పెట్టొచ్చా?

హాయిగా పెట్టొచ్చు. నికాన్ ఎఫ్ మౌంటులో లెన్సుకీ సెన్సర్‌కీ మధ్య 46.5 మిల్లీమీటర్లు ఉండాలి. సోనీలో ఉన్నది 18 మాత్రమే. ఆ తేడా అంత పొడవున్న ఉత్త గొట్టమే అడాప్టర్, లోపల గాజు ఉండదు. మెనూలో లెన్సు లేకుండా షట్టర్ పడే ఆప్షన్ ఆన్ చేయాలి, లేకపోతే కెమెరా మొరాయిస్తుంది. బాడీలో స్టెబిలైజర్ ఉంటే లెన్సు ఎన్ని ఎంఎం అన్నది చేత్తో ఇవ్వాలి. చవక అడాప్టర్లు ఇన్ఫినిటీ తప్పకుండా అందాలని కాస్త పొట్టిగా చేస్తారు. దాంతో రింగు మీది అంకెలన్నీ పక్కకు జరుగుతాయి. నాన్నగారి లెన్సు మీద 3 మీటర్లు అని ఉన్న చోట నిజంగా 3 మీటర్లు ఉండకపోవచ్చు. టేపు పెట్టి 3 మీటర్లు కొలిచి, పెద్దది చేసి చూసుకుంటూ ఫోకస్ పెట్టి, రింగు ఎక్కడ ఆగిందో అక్కడ చిన్న స్టిక్కరు ముక్క అతికించుకోండి. 5 మీటర్లకు ఒకటి, దూరంగా ఉన్న సెల్ టవర్‌కి ఒకటి. ఊరేగింపుకు ఆ మూడు చాలు.